పసుపు కాయితాల మేడం

బొల్లారంలో మందుల ముడిసరుకు తయారుచేసే ఒక కంపెనీలో ఆతియా కెమిస్టు. ఆమె పనిలో మాటలకు పెద్దగా చోటు లేదు. నమూనా వస్తుంది, యంత్రంలో పెడుతుంది, తెర మీద గీతలు లేస్తాయి. గీతలు సరిగ్గా ఉంటే సరుకు ముందుకు పోతుంది, లేకపోతే వెనక్కి పోతుంది. పొద్దున కంపెనీ బస్సెక్కడం, సాయంత్రం అదే బస్సులో కిటికీకి తల ఆనించి కునుకు తీస్తూ ఇస్నాపూర్‌లో దిగడం. పెళ్లయి వచ్చినప్పటి నుంచి ఆమె రోజులు ఇలాగే సాఫీగా, చప్పుడు లేకుండా నడిచాయి.

ఒకరోజు కంపెనీవాళ్లు కార్మికుల పిల్లలను పిలిచి ప్లాంటు చూపించారు. ల్యాబు చూపించే పని ఆతియాకు పడింది. ఏం చెప్పాలో తోచక ఆమె క్యాంటీన్ నుంచి ఒక నిమ్మకాయ తెప్పించి, రంగు మారే కాగితం ముక్కను రసంలో ముంచింది. ఎర్రబడింది. సబ్బు నీళ్లలో ఇంకో ముక్క ముంచింది. నీలంగా మారింది. "మళ్లొకసారి మేడం!" అని ఒక పిల్ల గంతేసింది. మళ్లీ చేసింది. "నేను ముంచుత, నేను!" అని అందరూ ఎగబడ్డారు. కాగితాల డబ్బా ఖాళీ అయ్యాక గానీ ఆతియా ఈ లోకంలోకి రాలేదు. మేనేజరు వచ్చి ఖాళీ డబ్బాను, తడిసిన బల్లను, కేకలు పెడుతున్న పిల్లలను, వాళ్ల మధ్యలో మోచేతుల దాకా తడిసి నిలబడ్డ ఆతియాను చూశాడు. తల పట్టుకుని వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం బస్సులో ఆమెకు కునుకు పట్టలేదు. కాగితాల కోసం ఎగబడ్డ పిల్లలే కళ్ల ముందు మెదిలారు. పక్క సీటులోని మనిషి అదోలా చూసినా నవ్వు ఆగలేదు.

సంగారెడ్డిలో ఒక ట్రస్టు ఉందని ఆ తర్వాత తెలిసింది. సైన్సు, లెక్కలు చదివి కంపెనీల్లో పనిచేస్తున్నవాళ్లను తీసుకుని, ఏడాదిపాటు పాఠం చెప్పడం నేర్పించి, టీచర్లు సరిపోని పల్లె బడులకు పంపుతారట. ఆతియా ఇంట్లో ఎవరికీ చెప్పకుండా వెళ్లి మాట్లాడి వచ్చింది. వాళ్లు చేరమన్నారు. ఇక ఇంట్లో చెప్పక తప్పలేదు.

అన్నం తింటున్న జీషాన్ చేయి నోటి దగ్గరే ఆగిపోయింది. అతను ముత్తంగిలో ఒక గోదాములో సూపర్‌వైజరు. "పల్లె బడిల పాఠం చెప్తవా? ఏ భాషల?" అన్నాడు భార్యతో.

"తెలుగుల," అంది ఆతియా.

జీషాన్‌కు పొలమారింది. ఆతియా పుట్టి పెరిగింది హైదరాబాద్ పాతబస్తీలో. ఇంట్లో ఉర్దూ, చదువంతా ఇంగ్లీషు. తెలుగు వినడం వచ్చు గానీ మాట్లాడాలంటే నాలుక తడబడుతుంది. "కూరగాయలోని దగ్గర బెండకాయ అననీకి రాక వేలు పెట్టి చూపిస్తవు గద! ఆ పోరగాళ్లు నిన్ను ఆడుకుంటరు," అన్నాడు, నవ్వూ దగ్గూ కలిసిపోయి.

అతని తల్లి హమీదున్నీసా ఉన్నట్టుండి చప్పట్లు కొట్టింది. ఆమె సదాశివపేట దగ్గరి పల్లెలో పెరిగిన మనిషి, ఉర్దూ ఎంత గలగలా మాట్లాడుతుందో తెలుగూ అంతే. "నవ్వుడు బంద్ జెయ్ జీషాన్," అంది. "రేపటి సంది ఈ ఇంట్ల అందరం తెలుగే మాట్లాడాలె. ఆతియా, పో బేటీ, చేరు. చిన్నప్పుడు నేను బడికి పోతనంటే మా అబ్బా మేకల ఎంబడి తోలిండు. ఇప్పుడు నా కోడలు టీచరైతదట. యా అల్లా, ఎంత గమ్మత్తు!"

ఆతియా ఉద్యోగం మానేసి చేరింది. సంగారెడ్డిలో శిక్షణ ఒక పాత రెండంతస్తుల ఇంట్లో. నేర్పేది భవాని మేడం. ప్రభుత్వ బడిలో హెడ్మాస్టరుగా చేసి రిటైరైన మనిషి. పొట్టిగా, సన్నగా ఉంటుంది గానీ ఆమె గొంతు వీధి చివర టీ కొట్టు దాకా వినిపిస్తుంది. మొదటిరోజు అందరినీ నేల మీద కూర్చోబెట్టి అంది:

"మీకు సైన్సొచ్చు, లెక్కలొచ్చు. మంచిదే. కానీ అవి రానప్పుడు మీరెట్ల ఉండేటోళ్లో యాదికి తెచ్చుకోండ్రి. అది యాదికొచ్చినోళ్లే టీచరైతరు. మిగిలినోళ్లు మళ్ల కంపెనీకి పోవచ్చు."

ఆతియా పక్కన కూర్చున్నది జైపాల్. పటాన్‌చెరులో అచ్చులు, పనిముట్లు చేసే ఒక టూల్‌రూంలో ఇంజనీరు. తలుపు పట్టనంత భారీ మనిషి. పదిమంది ముందు నోరు తెరవాలంటే మాత్రం ఆ గొంతు పిచ్చుక గొంతైపోతుంది. శిక్షణలో ఎవరికి జోడీ ఎవరో భవాని మేడమే నిర్ణయించింది. ఒకరు పాఠం చెబుతుంటే రెండోవాళ్లు వెనక కూర్చుని చూడాలి. ఆతియాకు జోడీ జైపాల్.

రెండో వారం భవాని మేడం అందరినీ పెరట్లోకి తోలింది. "మీరంతా నీటి రేణువులు. ఇప్పుడు మంచుగడ్డ," అంది. ఇరవై, ముప్పై, నలభై ఏళ్ల మనుషులంతా ఒకరినొకరు పట్టుకుని గట్టిగా నిలబడి వణకడం మొదలుపెట్టారు. "ఎండొచ్చింది, కరిగిన్రు!" అంది. చేతులు వదిలి ఒకరి చుట్టూ ఒకరు జారుతూ తిరిగారు. "ఇగ పొయ్యి మీద పెట్టిన!" అని ఆమె అరిచేసరికి అందరూ తలో దిక్కు పరుగు తీశారు. జైపాల్ పరిగెత్తుతూ నీళ్ల డ్రమ్మును గుద్దుకుని దాంతోపాటు పడ్డాడు. ఆతియా చున్నీ జామచెట్టుకు తగులుకుని ఆమె గిర్రున తిరిగింది. ఎవరో గేటు దూకి వీధిలోకి కూడా పోయారు.

పక్కింటాయన గోడ మీది నుంచి తొంగి చూసి, "ఏమైందమ్మా, కొట్లాటనా?" అన్నాడు.

"కాదన్నా, ఆవిరైతున్నరు," అంది భవాని మేడం.

ఆతియా జామచెట్టు కిందే కూలబడి, కన్నీళ్లు కారేదాకా నవ్వింది. ఇన్నేళ్లుగా చదివి, పరీక్షలు రాసి, జీతం తెచ్చుకున్న సైన్సు ఇలా రొప్పు తెప్పిస్తుందని ఆమె ఎప్పుడూ అనుకోలేదు.

అయితే పెరట్లో ఆవిరవడం వేరు, తరగతిలో నిలబడడం వేరు. అభ్యాసం కోసం ఆతియా, జైపాల్ ఇద్దరినీ నాగుల్‌కుంట ఊరి బడికి పంపారు. సంగారెడ్డి నుంచి ఆటోలో వెళ్లి, దారి మలుపు దగ్గర దిగి కొంత నడవాలి. ఆతియాకు ఏడో తరగతి ఇచ్చారు. ఆమ్లాలు, క్షారాల పాఠం. పుస్తకంలోని వాక్యాలను ఆమె వారం రోజులు బట్టీ పట్టింది.

"ఆమ్లాలు నీలి లిట్మస్‌ను ఎరుపుగా మార్చును," అంది తరగతి ముందు నిలబడి. గొంతు ముందు బెంచీ కూడా దాటలేదు.

మధ్య బెంచీలో పాండు లేచాడు. నూనె రాసి అణిచి దువ్విన జుట్టు, మాట కోసం ఎప్పుడూ తెరిచే ఉండే నోరు. "మేడం, ఆమ్లెట్ల ఉల్లిగడ్డ ఏస్తరా?"

తరగతి ఘొల్లుమంది. ఆతియా బల్ల మీద చేత్తో తట్టింది. చప్పుడు చేయవద్దని చెప్పాలి. ఆ మాట తెలుగులో ఏమిటి? తడుముకుని తడుముకుని, చేయెత్తి, "పిల్లలూ, దయచేసి శబ్దం చేయండి!" అంది.

పిల్లలు ఒక్క క్షణం నమ్మలేనట్టు చూశారు. తర్వాత చెప్పిన మాట చెప్పినట్టు విన్నారు. బెంచీలు బాదారు, కంపాస్ డబ్బాలు మోగించారు, ఒకడు ఈల వేశాడు. వెనక కూర్చున్న జైపాల్ తల వంచి భుజాలు ఊగిపోయేలా నవ్వాడు. తలుపు దగ్గర హెడ్మాస్టరు పెంటయ్య సారు ప్రత్యక్షమయ్యాడు. ఇస్త్రీ మడత నలగని తెల్ల షర్టు, చేతిలో మూత పెట్టిన పెన్ను. ఆయనను చూడగానే తరగతి గప్‌చుప్. ఆతియా పుస్తకంలోకి తల దూర్చి, మిగిలిన వాక్యాలన్నీ గంట కొట్టేదాకా చదివేసింది.

తిరుగు ప్రయాణంలో, కిటికీ బయట నిలబడి పాఠం విన్న భవాని మేడం కూడా వాళ్లతో ఆటో ఎక్కింది. "మళ్ల కంపెనీకి పోత మేడం," అంది ఆతియా.

భవాని మేడం ఆటో మోతను మించిన గొంతుతో అడిగింది: "పిల్లలు నవ్విన్రా?"

"నవ్విన్రు."

"నవ్వెటోళ్లు ఇంటున్నట్టే లెక్క. ఆ పిలగాడు నిన్ను ఒక ప్రశ్న అడిగిండు. ఆమ్లం అంటే ఏందో వానికి తెల్వదు, తెలిసిన దాంతోని జత చేసి అడిగిండు. నువ్వేం చేసినవ్? పుస్తకం వెనక దాక్కున్నవ్. 'ఆమ్లెట్ కాదురా, దాని మీద నిమ్మకాయ పిండుకుంటవు చూడు, గది' అంటే అయిపోతుండె గద!"

ఆతియా "నిమ్మకాయ పిండుకుంటవు చూడు, గది," అని లోలోపల అనుకుంటున్నట్టు పైకే అంది. మూతి దగ్గర నవ్వు మొదలైంది. జైపాల్ వెంటనే ధైర్యం తెచ్చుకుని, "మేడం, నిజం చెప్తున్న, 'శబ్దం చేయండి' అంటే నాక్కూడ బెంచీ కొట్టబుద్ధి అయింది," అన్నాడు. ఆటో డ్రైవరుతో సహా అందరూ నవ్వారు.

ఆ మరునాటి నుంచి ఇస్నాపూర్‌లో ఆతియా ఇల్లు సాయంత్రం కాగానే బడి అయింది. పిల్లలందరి పాత్రా హమీదున్నీసాదే. ఒకసారి ముందు కూర్చుని చేయెత్తుతుంది, ఒకసారి వెనక గోడకు ఆనుకుని ఆవులిస్తుంది, ఒకసారి జీషాన్‌ను గిల్లి "మేడం, వీడు నన్ను కొడుతున్నడు" అని చాడీ చెబుతుంది.

"ఆమ్లం అంటే పులుపు," అంది ఆతియా.

"పులుపంటే?"

"అమ్మీ, పులుపు మీకు తెల్వదా?"

"అమ్మీ ఎవరు? నేను ఏడో తరగతి చదువుతున్న. సమజ్ కాలే మేడం, మళ్ల చెప్పుండ్రి."

ఆతియా వంటింట్లోకి పోయి చింతపండు ముద్ద తెచ్చి ఆమె నాలుక మీద పెట్టింది. హమీదున్నీసా ముఖం మొత్తం ముడుచుకుపోయింది. ఒక కన్ను మూసుకుపోయింది. "సమజ్ అయింది," అంది.

"ఇప్పుడు సబ్బు."

"ఏయ్, సబ్బు నాకనీకి ఇయ్యొద్దు!"

అక్కడే ఆతియా ఆగిపోయింది. నిజమే, అన్నిటినీ నాలుకతో చూడడం కుదరదు. మరి ఎలా? కంపెనీలో కాగితం డబ్బాలు ఉండేవి. నాగుల్‌కుంటలో పసుపు ఉంటుంది. తెల్ల కాగితానికి తడి పసుపు పట్టించి ఆరబెడితే చాలు. సబ్బో, సున్నమో, తినే సోడానో తగిలితే ఎర్రబడుతుంది, పులుపు తగిలితే మళ్లీ పసుపే.

ఆదివారం అత్తాకోడళ్లు చీర కొంగులు, చున్నీలు నడుముకు బిగించి దిగారు. మోచేతుల దాకా పసుపు. డాబా మీద బట్టల తాళ్ల నిండా పసుపు కాగితాలు రెపరెపలాడాయి. కింద గదుల్లో కిరాయికుండే ఫ్యాక్టరీ కుర్రాళ్లు పైకి చూసి, "చాచీ, ఘర్ మే శాదీ హై క్యా?" అని, ఇంట్లో పెళ్లేమోనని అడిగారు. "హా బేటా! సైన్స్ కీ శాదీ హై!" అని హమీదున్నీసా పిట్టగోడ మీది నుంచి అరిచింది.

రెండోసారి నాగుల్‌కుంటకు వెళ్లినప్పుడు ఆతియా పుస్తకం తెరవనేలేదు. ప్రతి చేతిలో రెండు పసుపు కాగితాలు పెట్టింది. బల్ల మీద గిన్నెల్లో సబ్బు నీళ్లు, చింతపండు రసం, సున్నపు నీళ్లు, మజ్జిగ. "ముట్టుకోకముందు చెప్పాలె. ఏది మారుతది, ఏది మారదు? పందెం," అంది. ఈసారి గొంతు వెనక బెంచీ దాటి కిటికీలోంచి బయటికి పోయింది.

అంతే, ఆ తర్వాత తరగతి ఆమె చేతిలో లేదు. సబ్బు నీళ్లలో మొదటి కాగితం ఎర్రబడగానే పాండు దాన్ని తల మీద పెట్టుకుని ఎగిరాడు. రాకేష్ అనే పిల్లవాడు ఉన్నాడు. తండ్రిది బీహారు, పాశమైలారంలో ఫ్యాక్టరీ పని. తెలుగు సరిగ్గా రాక తరగతిలో పెదవి విప్పడు. అతని దగ్గర వంగి ఆతియా హిందీలో, "ఖట్టా, అంటే పులుపు, తగిలితే ఎర్రబడదు. సాబున్ తగిలితే ఎర్రబడుతుంది. మిగతావి నువ్వే కనిపెట్టు," అంది. అతను కాగితం పట్టుకుని బడంతా తిరిగి వచ్చాడు. చాక్‌పీసు పొడి, బోరింగు నీళ్లు, గోడ సున్నం, పెరుగు, ఒకటేమిటి! నిషిత అనే పిల్ల చేయెత్తి, "మేడం, కాగితం ఏం మారకపోతే మన తప్పా?" అని అడిగింది.

"తప్పెందుకైతది?"

"మా బోరింగు నీళ్లు ఏం చేయలే. ఏం కాకపోవుడు గూడ జవాబేనా?"

ఆతియాకు, తాను అన్నేళ్లు ల్యాబులో చేసిన పనంతా ఈ ఒక్క ప్రశ్నలో ఉందనిపించింది. "అది గూడ జవాబే. మస్తు మంచి జవాబు," అంది. ఆ రోజు నుంచి పిల్లలకు ఆమె పసుపు కాయితాల మేడం అయిపోయింది.

ఏడాది చివర తుది పరీక్ష వచ్చింది. ట్రస్టు తరఫున చిన్నరాములు గారు వచ్చి ఆతియా సైన్సు పాఠాన్నీ, జైపాల్ లెక్కల పాఠాన్నీ చూస్తారు. ఆయన ఒప్పుకుంటేనే బడి చేతికి వస్తుంది. ఆయన నవ్వగా చూసినవాళ్లు లేరని శిక్షణలో చెప్పుకునేవారు. ఆతియా పెద్ద చార్టు గీసింది. ఏ నిమిషంలో ఏం చెప్పాలో అనుకుని పెట్టుకుంది. ఉదయం నుంచి దాన్ని మూడుసార్లు విప్పి చుట్టింది. జైపాల్ అయితే మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టలేదు.

పెద్దమనుషులు వస్తున్నారని పెంటయ్య సారు కొత్త తెల్ల షర్టు వేసుకున్నాడు. బడిలో పిల్లల భోజనాన్ని ముందు హెడ్మాస్టరు రుచి చూడాలి. వంట చేసే ముత్యమ్మ పప్పు గరిటె అందించింది. అదే సమయంలో గేటు దగ్గర జీపు హారన్ మోగింది. సారు అటు తిరిగాడు. పప్పు మొత్తం ఛాతీ మీద పడింది.

"అయ్యో సారూ!" అని ముత్యమ్మ గిన్నెలు తోమే సబ్బు తెచ్చి గబగబా రుద్దింది. రుద్దినకొద్దీ పసుప్పచ్చటి మరక నెత్తుటి రంగులోకి మారింది.

పెంటయ్య సారు ఛాతీ చూసుకున్నాడు. ముఖంలో రంగు పోయింది. "రక్తం! నాకేమైంది? ముత్యమ్మా, నన్నేం చేసినవ్?"

"నేనేం చేయలే సారూ, సబ్బే రుద్దిన!" ముత్యమ్మ సబ్బు పారేసి ఏడుపు మొదలుపెట్టింది. నీళ్లు తాగడానికి వచ్చిన ఏడో తరగతి పిల్లలంతా మూగారు. నిషిత ముందుకొచ్చి, డాక్టరమ్మలా సారును పైకీ కిందికీ చూసింది.

"సారూ, పరేషాన్ కావొద్దు. మీకేం కాలే. మీ షర్టు సబ్బును పట్టిచ్చింది. సబ్బు క్షారం."

"మేడం!" అని పాండు బడి అదిరేలా అరిచాడు. "పెంటయ్య సారు మన కాయితమే అయిండు!"

ఆతియా చార్టు చుట్ట పట్టుకుని వరండాలో నిలబడి ఉంది. గేటు దగ్గర జీపులోంచి భవాని మేడం, ఆమె వెనక చిన్నరాములు గారు దిగుతున్నారు. పెంటయ్య సారు ఆఫీసు గదిలోకి పరిగెత్తబోతున్నాడు. పిల్లలందరి కళ్లూ ఆ ఎర్ర మరక మీదే ఉన్నాయి. ఈ క్షణంలో చార్టు విప్పితే వీళ్లలో ఒక్కరు కూడా అటు చూడరని ఆమెకు అర్థమైంది. చార్టును పక్కనున్న బెంచీ మీద పెట్టింది.

"సార్," అంది, "జెర సేపు మీ షర్టు కిరాయికి ఇస్తరా?"

"షర్టా?"

"విప్పొద్దు సార్. మీరే రావాలె. షర్టుతోని."

పెంటయ్య సారు సాంఘిక శాస్త్రం మనిషి. చిన్నప్పుడు సైన్సు మాస్టరు అంటే భయపడి చింతతోపులో దాక్కునేవాడినని ఆయనే చెప్పేవాడు. ఆయన అటూ ఇటూ చూశాడు. పిల్లల ముఖాలు చూశాడు. "ఇస్త తియ్," అన్నాడు. వెళ్లి నల్లబల్ల ముందు చేతులు చాచి నిలబడ్డాడు.

చిన్నరాములు గారు, భవాని మేడం వచ్చి వెనక కూర్చునేసరికి తరగతిలో వాదన ముదిరింది. నిమ్మరసం పిండితే ఎరుపు పోతుందని సగం మంది, పోదని సగం మంది. ఎందుకో చెప్పినవాళ్ల మాటే చెల్లుతుందని ఆతియా పట్టుబట్టింది. చివరికి రాకేష్ లేచి, వచ్చీరాని తెలుగులో, "ఖట్టా... పులుపు, సబ్బుకు ఉల్టా ఉంటది. ఉల్టా పోస్తే ఉల్టా అయితది," అన్నాడు. నిషిత నిమ్మచెక్క పిండింది. ఎర్రని మరక మీద పసుప్పచ్చని చుక్క విచ్చుకుంది. తరగతి పైకప్పు లేచిపోయింది.

"ఇక్కడ చింతపండు పెట్టి చూడు బిడ్డా," అన్నాడు పెంటయ్య సారు, షర్టును తానే చాచి పట్టుకుని. "ఈ మూలకు ఉప్పు నీళ్లు. ఈడ ఏం పెట్టలే, ఈడ గూడ పెట్టుండ్రి!" కాసేపటికి ఆయన షర్టు మీద ఎర్రవీ పచ్చవీ దీవులు లేచాయి. ఉప్పు నీళ్లు ఏమీ చేయలేదు. సోడా నీళ్లు పచ్చని చుక్కను మళ్లీ ఎర్రగా మార్చాయి. ఆయన ఒక్కొక్క రంగు మారినప్పుడల్లా "అరెరె!" అనేవాడు.

పాండు అడిగాడు: "మేడం, పసుపు ఎర్రగనే ఎందుకు కావాలె? నీలం ఎందుకు కాదు?"

ఆతియా చేతిలోని సోడా గిన్నెను బల్ల మీద పెట్టింది. వెనక చిన్నరాములు గారి పెన్ను ఆగింది. "పసుపు లోపల ఒక పదార్థం ఉంటది, అది సబ్బు తాకితే మారుతది. అంతవరకు తెలుసు," అంది. "నీలం ఎందుకు కాదంటే, నీకు సమజ్ అయ్యేటట్టు చెప్పనీకి నాకు ఇప్పుడు రాదు పాండూ. చదివి రేపు చెప్త."

గంట కొట్టారు. చిన్నరాములు గారు లేచారు. కళ్లద్దాలు సర్దుకున్నారు. "అమ్మా, అనుకున్న పాఠం ఒకటి, చెప్పింది ఇంకొకటి. చార్టేది?"

అందరూ వెతికారు. వరండా బెంచీ మీద, చార్టు చుట్ట మీదే ముత్యమ్మ కూర్చుని చూస్తోంది. ఆమె నాలుక కరుచుకుని లేచింది.

"పిల్లలు ఆడిన్రు, అది చూసిన," అన్నారాయన. "నేర్చుకున్నరో లేదో ఎట్ల తెలుస్తది?"

ఆతియా కంటే ముందే నిషిత లేచింది. ఆమె ఒక పసుపు కాగితం తడిపి ఆయన దగ్గరికి వెళ్లింది. "సార్, మీ చెయ్యి ఇయ్యుండ్రి." ఆయన ఏమీ అర్థం కాక చేయి చాచారు. నిషిత ఆయన చూపుడువేలిని కాగితానికి ఒత్తింది. వేలి ముద్ర పడ్డచోట ఎర్రటి మచ్చ తేలింది.

నిషిత కాగితం చూసింది, వేలు చూసింది, ఆయన పెదవులు చూసింది. "సార్," అంది నెమ్మదిగా, "మీరు వచ్చే తొవ్వల పాన్ తిన్నరు. సున్నం మీరే రాసుకున్నరు. చెయ్యి కడుక్కోలే."

చిన్నరాములు గారు వేలు వెనక్కి లాక్కున్నారు. భవాని మేడం కిటికీలోంచి బయటికి చూడడం మొదలుపెట్టింది, భుజాలు మాత్రం కదులుతున్నాయి. "డాక్టరు వద్దన్నడు," అన్నారాయన చివరికి. "మా ఇంట్ల తెలిస్తే..." ఆ మాట పూర్తికాలేదు. ఎక్కడో లోతుల్లోంచి నవ్వు పొంగుకొచ్చింది. ఆయన బల్ల పట్టుకుని, అద్దాలు తీసి, కళ్లు తుడుచుకుంటూ నవ్వారు. ఆయన నవ్వు చూసి పిల్లలు, పిల్లలను చూసి పెంటయ్య సారు, సారు షర్టు చూసి ముత్యమ్మ. ఎవరు దేనికి నవ్వుతున్నారో ఎవరికీ తెలియలేదు.

ఆ నవ్వులో జైపాల్ భయం ఎటు పోయిందో పోయింది. తర్వాతి పిరియడు అతనిది. రాసుకొచ్చింది పక్కన పెట్టి, మైదానమంత గొంతుతో అడిగాడు: "పెంటయ్య సారు షర్టు ఎంత ఖరాబైంది? కొలిచి చెప్పేటోళ్లెవరు?" వంకర మరకలను కొలిచేదెలా? గళ్ల కాగితాల మీద మరకల ఆకారాలు దించుకుని, గడులు లెక్కపెట్టి, సగం సగం గడులను కలిపి పిల్లలు వైశాల్యం తేల్చారు. ముందు చెరువంత మరకైనా కొలవొచ్చా అని అడిగారు, తర్వాత ఊరిని, తర్వాత జిల్లా పటాన్ని. పెంటయ్య సారు, "పటం నా సబ్జెక్టు, అది నేను చెప్త!" అని మధ్యలో దూరాడు.

బయటికి వస్తూ చిన్నరాములు గారు భవాని మేడంతో, "తెల్వదని చెప్పిన టీచరును చూసి మస్తు రోజులైంది," అన్నారు. పెంటయ్య సారు వాళ్లకు అడ్డంగా నిలబడ్డాడు. "ఇద్దర్నీ మా బడికే ఇయ్యాలె. ఇయ్యకుంటే ఈ షర్టు ఏసుకుని మీ ఆఫీసు ముంగట కూసుంట," అన్నాడు. ఆ షర్టును చూసి కాదనడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు.

సాయంత్రం ఇంటి దగ్గర ఆతియా మెట్లెక్కుతూనే కథ మొదలుపెట్టింది. తెలుగులో మొదలై, నవ్వు ఎక్కువై ఉర్దూలోకి జారి, మళ్లీ తెలుగులోకి వచ్చింది. పాన్ దగ్గరికి వచ్చేసరికి హమీదున్నీసా మంచం మీద వెనక్కి వాలిపోయి, "బస్, బస్! నా పక్కలు నొప్పి!" అని చేతులూపింది. జీషాన్ రెండోసారి చెప్పించుకున్నాడు. మూడోసారి తానే కింద గదుల్లోని కుర్రాళ్లకు వెళ్లి చెప్పి వచ్చాడు.

జూన్‌లో బడి తెరిచారు. ఆతియా, జైపాల్ నాగుల్‌కుంట మలుపు దగ్గర ఆటో దిగేసరికి తొలి వాన మొదలైంది. ఇద్దరూ తడుస్తూ పరిగెత్తారు. వరండాలో కొత్తగా ఆరో తరగతికి వచ్చిన పిల్లలు ముడుచుకుని నిలబడి ఉన్నారు. వాళ్లలో ఒక చిన్నపిల్ల ముక్కు ఎగబీలుస్తూ, ఎవరినీ అడగనట్టు, "వాన పడితే మన్ను గింత మంచిగ ఎందుకు వాసనొస్తది?" అంది.

ఆతియా చెప్పులు విప్పేసింది. "నువ్వేమనుకుంటున్నవ్?" అని అడిగి, ఆ పిల్ల చేయి పట్టుకుని వానలోకి దిగింది.